లెన్సు చెప్పిన అబద్ధం

మా అమ్మమ్మ ఫొటో ఒకటి నా దగ్గరుంది. అందులో అమ్మమ్మ చెయ్యి ఉంది, చీర కొంగు ఉంది, ఆ చెయ్యి కింద పెళ్ళికూతురి తల ఉంది. అమ్మమ్మ ముఖం మాత్రం లేదు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. ఫొటోషాప్‌లో మౌసు పెట్టి చూస్తే 255, 255, 255. మన భాషలో చెప్పాలంటే డేటా లాస్. బ్యాకప్ లేదు.

2009 వేసవి. పెద్ద కొడప్‌గల్‌లో మా మేనమామ కూతురి పెళ్ళి. (పిట్లం దాటి నాందేడ్ వైపు వెళ్తుంటే వస్తుంది. అప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా.) హైదరాబాద్‌లో ఉద్యోగం, కొత్తగా కొన్న డిజిటల్ ఎస్సెల్లార్, దాని నెత్తిన ఫ్లాష్... ఇంక మనల్ని ఆపేదెవరు? కెమెరా కంపెనీ లెన్సు ధర చూసి కళ్ళు తిరిగి, అందులో సగానికే వచ్చే వేరే కంపెనీ లెన్సు కొన్నా. పేరెందుకు లెండి.

పగలు తీసినవన్నీ అద్దంలా వచ్చాయి. తంటా అంతా రాత్రి అప్పగింతల దగ్గర. కొన్ని బాగానే ఉన్నాయి, కొన్నిట్లో ముఖాలు సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. సరే కదా అని ఫ్లాష్ కాంపెన్సేషన్ ఒక స్టాప్ తగ్గిస్తే, ఈసారి దూరంగా ఉన్నవాళ్ళు చీకట్లో కలిసిపోయారు. ఆ ఏడుపుల మధ్య, ఆ హడావిడిలో, వెనక చిన్న తెర మీద ఎంతని చూస్తాం?

మరుసటేడు అమ్మమ్మ పోయింది. దినాలకి ఫొటో కట్టించాలంటే అందరూ నా వైపే చూశారు. "అంత పెద్ద కెమెరా తెచ్చినవ్ కదరా, ఒక్కటన్న లేదా?" అంది అత్తయ్య. ఏం చెప్పను? చివరికి రేషన్ కార్డు మీది ఇంటిల్లిపాది ఫొటోలోంచి ఆవిడ ముఖం కత్తిరించి పెద్దది చేయించాం.

ఆ సిగ్గుతో మొదలుపెట్టా డీబగ్గింగ్. తమ్ముణ్ణి గోడ ముందు కూర్చోబెట్టి, కెమెరాతో వచ్చిన లెన్సూ, ఈ లెన్సూ మార్చి మార్చి తీశా. ఫ్లాష్ లేకుండా తీస్తే రెండూ ఒకటే. అంటే అపర్చర్ సరిగ్గానే మూసుకుంటోంది. ఫ్లాష్ మాన్యువల్లో పెడితే రెండూ ఒకటే. అంటే ఫ్లాష్ బానే ఉంది. ఫ్లాష్ ఆటోలో, సూటిగా ముఖం మీదకి కొడితే మాత్రం ఈ లెన్సుతో దగ్గరి ఫొటోలు తెల్లబోతున్నాయి. అదే ఫ్లాష్ తలని సీలింగ్ వైపు తిప్పితే... తేడా మాయం!

అక్కడే దొంగ దొరికాడు. ఆటోలో ఫ్లాష్ ముందు చిన్నగా ఒకసారి వెలుగుతుంది. వెనక్కొచ్చిన వెలుతురుని కెమెరా కొలిచి, అసలు ఫ్లాష్ ఎంత కొట్టాలో లెక్కేస్తుంది. కానీ ఎదురుగా తెల్ల చీరుంటే ఒక లెక్క, వెనక చీకటి పందిరుంటే ఇంకో లెక్క వస్తుంది. అలా మోసపోకుండా, మనిషి ఎంత దూరంలో ఉన్నాడో లెన్సునే అడిగే పద్ధతి పెట్టారు. నికాన్ 1992లో డి రకం లెన్సులతో మొదలుపెట్టింది, కానన్ 2004లో ఇ-టీటీఎల్ 2లో తెచ్చింది. ఫ్లాష్ సీలింగ్‌కేసి తిప్పితే వెలుతురు తిరిగొచ్చే దారి వేరు కాబట్టి, కెమెరా ఆ దూరాన్ని పట్టించుకోదు. అంటే నా లెన్సు దూరం తప్పు చెప్తోంది, కెమెరా పాపం నమ్ముతోంది!

ఎందుకిలా? కానన్ ఈఎఫ్ మౌంటు 1987లో వచ్చింది. కెమెరా, లెన్సు మాట్లాడుకునేదంతా కరెంటు సంకేతాల్లోనే. బయటి కంపెనీలు ఆ మాటలు చాటుగా విని, అర్థం ఊహించుకుని లెన్సులు చేసేవి. డాక్యుమెంటేషన్ లేని ఏపీఐకి కోడ్ రాయడమన్నమాట. ఫిల్మ్ ఈఓఎస్ కెమెరాల మీద చక్కగా నడిచిన కొన్ని పాత సిగ్మా లెన్సులు తర్వాతి డిజిటల్ బాడీల మీద ఎర్రర్ ఇచ్చి, చిప్పు మార్పించుకోవాల్సొచ్చింది కూడా. ఇప్పుడు కాస్త నయం. కానన్ ఆర్ఎఫ్ మౌంటుకి సిగ్మా, టామ్రాన్ 2024లో లైసెన్సు తీసుకునే లెన్సులు ప్రకటించాయి.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతేంటంటే, దూరం అసలు చెప్పని లెన్సులు కూడా ఉన్నాయి. వాటితో పెద్ద గొడవ లేదు, కెమెరా తన కొలత తాను వేసుకుంటుంది. గొడవంతా తప్పు చెప్పేదానితోనే. డేటాబేస్‌లో నల్ ఉంటే మనం జాగ్రత్త పడతాం. తప్పు విలువ ఉంటే హాయిగా నమ్మేస్తాం. ఫ్లాష్ కాంపెన్సేషన్ కూడా అందుకే పనిచెయ్యలేదు. తప్పు ఒక్కో దూరానికి ఒక్కోలా ఉంటే, అన్నిటికీ ఒకే సవరణ ఏం సరిపోతుంది?

తర్వాత ఊరెళ్ళినప్పుడు, రీలు కెమెరాలతో పెళ్ళిళ్ళు తీసిన ఒక పెద్దాయనకి ఈ పరిశోధనంతా గొప్పగా చెప్పా. ఆయన నవ్వి, "గా లెన్సునెందుకు అడుగుడు తమ్మీ? నీకు కాళ్ళు లేవా? నాలుగు అంగలేస్తే దూరం ఎర్కైతది కదా" అన్నాడు.

నిజమే కదా! ఫ్లాష్‌కి గైడ్ నంబరని ఒకటుంటుంది. దాన్ని దూరంతో భాగిస్తే అపర్చర్ వస్తుంది. నా ఫ్లాష్‌ది ఐఎస్ఓ 100 దగ్గర 36 మీటర్లు. పవర్ 16వ వంతుకి తగ్గిస్తే అది 9 అవుతుంది, ఐఎస్ఓ 400 పెడితే 18. మూడు మీటర్ల దూరానికి 18 బై 3, అంటే 6. ఎఫ్ 5.6 పెట్టి కొట్టడమే. తెల్ల చీరైనా, చీకటి పందిరైనా ఒకటే లెక్క.

లెన్సు అమ్మెయ్యలేదు. పగటిపూట దానికి వంక పెట్టలేం. మీరూ అలాంటిది కొంటే, పెళ్ళికి ముందు రోజే ఇంట్లో ఒకళ్ళని కూర్చోబెట్టి ఫ్లాష్‌తో దగ్గర్నుంచి, దూరంనుంచి నాలుగు తీసి చూసుకోండి. ప్రొడక్షన్‌లో టెస్టింగ్ చెయ్యకండి.

ఆ రోజే సాయంత్రం తాతయ్యని అరుగు మీద కూర్చోబెట్టి, నాలుగు అంగలు వెనక్కేసి, మాన్యువల్లో ఒక్కటే తీశా. ముడతలతో సహా వచ్చింది ముఖం. పెద్దది చేయించి అత్తయ్యకిచ్చా. ఆవిడ చాలాసేపు చూసి, "మీ అమ్మమ్మది గూడ గిట్లనే తియ్యకపోతివి" అంది.