మూడు వన్నెల దీపము

తన చేతి తప్పును సరకుపైనో, సరకు నమ్మినవానిపైనో మోపుట మనుష్యులకు మిక్కిలి సులభము. అట్టి పని నేనొకటి చేసితిని. చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నను, దానివలన నేర్చిన పాఠము మన పాఠశాల సోదరులకు ఉపకరించునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గడచిన సంవత్సరము మన పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శనము జరుగనుండగా, ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను కలిపి తెల్లని వెలుగును చూపవలెనని నేనును నా మిత్రుడును నిశ్చయించుకొంటిమి. గడియార స్తంభము ప్రక్కనున్న యొక చిన్న యంగడిలో మూడు వన్నెల ఎల్.ఇ.డి. దీపము లాఱింటిని కొంటిమి. ఈ దీపము శనగగింజ కంటె పెద్దది కాదు. దానికి నాలుగు కాళ్లుండును. మేము కొన్నవానిలో అన్నిటికంటె పొడవైన కాలు మూడు వన్నెలకును ఉమ్మడియై ఋణధ్రువమునకు చేరవలసినది. తక్కిన మూడును ఒక్కొక్క వన్నెకు చెందినవి.

అంగడి యజమాని వృద్ధులు. "రెసిస్టర్లెన్ని కావలెను, బాబూ?" అని యడిగిరి. "దీపమున కొక్కటి చాలునండి" అంటిని. వారేమో చెప్పబోయిరి. నేను వినక, పైకమిచ్చి వడివడిగా వచ్చితిని.

ఇంటికి వచ్చి, సెల్‌ఫోను చార్జరు నుండి వచ్చు 5 వోల్టులను ఆధారముగా గైకొని, వన్నెల కాళ్లు మూడింటిని ధనధ్రువమునకు కలిపి, ఉమ్మడి కాలికి 150 ఓముల రెసిస్టరు నొకదానిని తగిల్చితిమి. స్విచ్చి వేయగా ఎఱుపు మాత్రమే వెలిగెను. ఆకుపచ్చయు నీలమును కన్ను తెఱువలేదు. "రెసిస్టరే అడ్డుపడుచున్నది" అని నా మిత్రుడు దానిని తీసివేసెను. దీపము ఒక్కసారి తళుక్కున మెఱసి మఱల వెలుగక పోయెను. రెండవ దానికిని అదే గతి పట్టెను.

నేను కోపముతో అంగడికి పోయి, పదిమంది యెదుట, "పనికిరాని దీపములను మాకు అంటగట్టితిరి" అని పలికితిని. ఆ పెద్దలు మాఱుమాటాడక రెండు క్రొత్త దీపములను నా చేతిలో పెట్టిరి, పైకము పుచ్చుకొనలేదు. నేను గెలిచితినని తలచి యింటికి వచ్చితిని.

క్రొత్తవియు ఎఱ్ఱగనే వెలిగినవి. అప్పుడు మా భౌతికశాస్త్రపు మాస్టరుగారికి చూపితిమి. వారు దోషమెక్కడ నున్నదో చెప్పక, "ఆ ఎఱుపు తీగను ఊడదీయుడు" అనిరి. ఊడదీసినంతనే ఆకుపచ్చయు నీలమును వెలిగినవి! మఱల తగిల్పగా రెండును ఆఱిపోయినవి. దీపములలో దోషము లేదని నాకా క్షణముననే తెలిసెను. నా ముఖము వెలవెలబోయెను.

మాస్టరుగారు చెఱువు నుపమానముగా చెప్పిరి. ఒక చెఱువునకు ఎత్తు వేఱువేఱైన మూడు తూములున్నవనుకొందము. అన్నిటికంటె క్రిందనున్న తూము వచ్చిన నీటినంతయు లాగివేసిన యెడల, నీటిమట్టము పైతూముల దాక ఎన్నటికిని లేవదు. ఇందును అంతే. ఎఱుపు సుమారు 2 వోల్టులకే వెలుగును. ఆకుపచ్చకును నీలమునకును ఇంచుమించు 3 వోల్టులకు పైగా కావలెను. ఆ వెలుగులు ఎఱుపు కంటె హెచ్చు శక్తి గలవి. మూడింటిని ఒక్క రెసిస్టరునకు ముడివేసినచో ఎఱుపే ప్రవాహమునంతయు త్రాగివేయును. కావున ప్రతి వన్నెకును దాని రెసిస్టరు దానికుండవలెను.

ఏ విలువ గలదానిని ఎన్నుకొనవలెనో తెలుపు సూత్రము మనము తరగతిలో వల్లించినదే; జార్జి ఓమ్ 1827లో ప్రకటించినదే. ఆధారపు వోల్టులలో నుండి దీపము తీసికొను వోల్టులను తీసివేసి, శేషమును కావలసిన ప్రవాహముచే భాగింపవలెను. మా దీపములలో ఒక్కొక్క వన్నె 20 మిల్లీ ఆంపియరుల వఱకు తాళును. ఎఱుపునకు 5లో 2 పోగా 3, దానిని 0.02చే భాగింపగా 150 ఓములు. నీలమునకు 5లో 3.2 పోగా 1.8, భాగింపగా 90 ఓములు. తక్కువ విలువ గలది వేసిన ప్రవాహము మితిమీఱును గావున, అంగడిలో సులభముగా దొరకు 100 ఓములదానిని గైకొనవలెను. ఎఱుపు రెసిస్టరు పుట్టించు వేడి 0.06 వాట్టులే, పావు వాట్టుది ధారాళముగ చాలును.

అయినను లెక్క సరిపోయినంతనే తెలుపు రాలేదు. వెలుగు పచ్చగా నుండెను. మన కన్ను ఆకుపచ్చను ఎక్కువగా పట్టును. ఆ వన్నె రెసిస్టరును 330 ఓములకు పెంచి, దీపముపై పలుచని తెల్లకాగితమును కప్పగా వెలుగు పాలవలె తెల్లనాయెను.

ఎఱ్ఱని ఎల్.ఇ.డి. 1962 నాటికే వెలిగినను, ప్రకాశవంతమైన నీలము ఎంతయో కాలము చిక్కలేదు. దానిని సాధించినందులకు ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షూజి నకమూరా అను మువ్వురకు 2014లో నోబెల్ బహుమానము లభించెను. వారి యేండ్ల శ్రమ ఫలమును నేనొక్క మాటతో పనికిరానిదంటిని గదా!

ప్రదర్శనమునకు ముందు దినము సాయంకాలము, రెండు దీపముల వెలయు చేతబట్టుకొని అంగడికి పోయితిని. అప్పుడును నలుగురు బేరగాండ్రుండిరి. వారి యెదుటనే, "అయ్యా, తప్పు నాది; దీపములది కాదు, మీది కాదు" అని చెప్పితిని. వారు పైకము తీసికొని, "ఆ దినముననే చెప్పబోయితిని, బాబూ. దీపమునకు మూడు కావలెను" అనిరి. పిదప రెసిస్టర్ల పెట్టెను తెఱచి, గోధుమ, ఆకుపచ్చ, గోధుమ చారలున్న యెడల 150 అనియు, గోధుమ, నలుపు, గోధుమ చారలున్న యెడల 100 అనియు చదువుట నేర్పిరి.

సోదరులారా, దీపము వెలుగనప్పుడు ముందుగా మన తీగలను చూచుకొందము. అంగడికి పోవుట తరువాతి మాట.

— పదవ తరగతి విద్యార్థి