పెదవి మీది కాటుక

మన కావ్యాల్లో నాయిక పెదవి దొండపండు, లేకపోతే పగడం, అదీ కాకపోతే లేత చిగురు. మూడింటి వెనకా ఉన్నది ఒకటే రంగు. చర్మం పలచగా ఉన్నచోట లోపలినుంచి కనిపించే నెత్తురు ఛాయ అది. లిప్‌స్టిక్ వచ్చాక కూడా ఈ పద్ధతి మారలేదు. గులాబీ వేసినా, ఎరుపు వేసినా, ఇటుక రంగు వేసినా, పెదవికి ఉన్న రంగునే ఇంకాస్త పెంచి చూపించడమే. కారునలుపు లిప్‌స్టిక్ మాత్రం ఆ దారిన పోదు. ఎంత చామనఛాయ మనిషికైనా పెదవి పుట్టుకతో అంత నల్లగా ఉండదు. కాబట్టి అది పూసుకున్న రంగని, కోరి పూసుకున్నదని చూసిన క్షణంలోనే తెలిసిపోతుంది. ఆరోగ్యాన్నో, సిగ్గునో, వయసునో అది నటించదు. నాకు ఆ రంగు మీద ఉన్న గౌరవమంతా అందుకే.

దాని కథ వెతుక్కుంటూ పోతే ముందు ఎదురయ్యేది ఫ్యాషన్ కాదు, సినిమా ఫిలిం. మూకీల కాలంలో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిలింకు ఎరుపు కనిపించేది కాదు. నీలం, ఆకుపచ్చ వెలుగులే దానికి వెలుగులు. ఎరుపు దానికి చీకటి. ఎర్ర దీపం పెట్టుకుని ఆ ఫిలింను కడగగలిగారంటే అందుకే. అలాంటి కెమెరా ముందు ఎర్రగా పెదవులు దిద్దుకుని నిలబడిన నటి, తెరమీద నల్ల పెదవులతో ప్రత్యక్షమయ్యేది. నీలి కళ్లు వెలిసిపోయి తెల్లగా పడేవి. 1915లో వచ్చిన ‘ఎ ఫూల్ దేర్ వాజ్’తో థీడా బారా మగవాళ్లను మింగేసే ‘వాంప్’గా లోకానికి తెలిసింది. తెల్లని ముఖం, చుట్టూ నలుపు దిద్దిన కళ్లు, చీకటి పెదవి కలిస్తే ప్రమాదకరమైన ఆడది అన్న గుర్తు ఆ రోజుల్లో ప్రేక్షకుల మనసులో పడింది. అందులో పెదవి వంతు చాలావరకు ఫిలిం రసాయనం చేసిన పనే.

1920ల చివరికి అన్ని రంగులనూ చూడగలిగే పాన్‌క్రొమాటిక్ ఫిలిం స్థిరపడింది. 1904లో పోలండ్ ప్రాంతం నుంచి అమెరికా చేరిన మాక్స్ ఫ్యాక్టర్ దానికి తగ్గ మేకప్ తయారుచేశాడు. పెదవులు మళ్లీ నెమ్మదించాయి. అయినా నలుపు తెలుపు సినిమాలో ఎరుపు ఎప్పుడూ బూడిదకూ నలుపుకూ మధ్య ఎక్కడో తేలుతుంది. 1957 నాటి ‘మాయాబజార్’లో సావిత్రి పెదవులు చూడండి, ముదురు బూడిద రంగు. 2010లో రంగులద్దిన ప్రతి విడుదలయ్యేదాకా తెలుగువాళ్లు యాభై ఏళ్లకు పైగా శశిరేఖను ఆ పెదవులతోనే ప్రేమించారు. ఏదో లోటుగా ఉందని ఒక్కరికీ అనిపించలేదు. ముదురు పెదవి మన కంటికి కొత్త కాదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకలేదు.

ఇంకా వెనక్కి వెళితే దక్కన్‌లో మిస్సీ ఉండేది. పళ్లకూ చిగుళ్లకూ పట్టించే నల్ల పొడి. పెదవుల మీదికి కూడా దాని ఛాయ పాకేది. మీద తాంబూలం ఎరుపు పడితే ఆ రెండు రంగుల మేళవింపునే అందమనుకునేవారు. ముస్లిం ఇళ్లలో పెళ్లికూతురి అలంకారంలో దానికి చోటుండేది. ఆటపాటలతో బతికే తవాయిఫ్‌ల జీవితంలో మిస్సీ పెట్టడం పేరున్న వేడుక. 1832లో లండన్‌లో అచ్చయిన ‘ఖానూన్-ఎ-ఇస్లాం’లో దాని ప్రస్తావన కనిపిస్తుంది. దక్కన్ ముస్లింల ఆచారాలను అందులో అంత వివరంగా రాసిన జాఫర్ షరీఫ్ మన ఏలూరు మనిషి. డాక్టర్ హెర్క్‌లాట్స్ దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చాడు.

మిస్సీలో నలుపు ఎలా వస్తుందన్నది నన్ను బాగా ఆకట్టుకున్న విషయం. అన్నభేది అంటే ఇనుము లవణం. కరక్కాయలోనో మాచికాయలోనో వగరు ఉంటుంది. ఈ రెండూ కలిస్తే కడిగినా పోని నలుపు పుడుతుంది. జపాన్‌లో పెళ్లయిన ఆడవాళ్లు పళ్లు నల్లబరుచుకునే ఒహగురో కూడా ఇదే లెక్క. పులిసిన ద్రావణంలో నానిన ఇనుము ఒకవైపు, మాచికాయల్లాంటి కాయల పొడి మరోవైపు. 1873లో అక్కడి మహారాణి మానేసి తెల్లని పళ్లతో కనిపించాక ఆ ఆచారం తగ్గుముఖం పట్టింది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు కరక్కాయ పట్టించిన బట్ట మీద, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి తీసిన కషాయంతో గీత గీస్తారు. గీసిన గీత కళ్లముందే నల్లగా తేలుతుంది. దేవతల కనుబొమలూ, పెళ్లికూతుళ్ల పళ్లూ ఒకే ఇనుముతో నల్లబడ్డాయన్నమాట. ఇవాళ్టి నల్ల లిప్‌స్టిక్‌లో రంగునిచ్చేది కూడా ఎక్కువగా ఇనుమే, బ్లాక్ ఐరన్ ఆక్సైడ్ రూపంలో.

ఇప్పుడు మనం చూసే నల్ల లిప్‌స్టిక్‌కు పుట్టిల్లు మాత్రం లండన్ అనుకోవచ్చు. 1970ల మొదట్లో బార్బరా హులనిక్కీ నడిపిన బిబా దుకాణం నేరేడు రంగూ మల్బరీ రంగూ లాంటి ముదురు ఛాయలను మామూలు జీతాల అమ్మాయిలకు అందించింది. 1976 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని 100 క్లబ్‌లో సూక్సీ అండ్ ది బాన్షీస్ అనే పాటల బృందం తొలిసారి వేదికెక్కింది. అందులో పాడే సూక్సీ ముఖం మీది నల్లని గీతలు ఎంతోమంది అమ్మాయిల అద్దాల్లోకి చేరాయి. 1979లో బౌహౌస్ బృందం, తెరమీది డ్రాక్యులా బేలా లుగోసి పేరుతో పాట విడుదల చేసింది. 1982 జులైలో సోహోలో బ్యాట్‌కేవ్ క్లబ్ తెరుచుకుంది. అక్కడ అబ్బాయిలూ నల్ల పెదవులతో వచ్చారు. మూకీల తెల్లని ముఖం, చీకటి పెదవి అరవై ఏళ్ల తర్వాత ఆ నేలమీదికి దిగాయి, ఈసారి కోరి దిద్దుకున్నవి. ఫ్యాక్టరీలు మూతపడుతూ, ఉద్యోగాలు లేని దేశంలో పెరిగిన పిల్లలు వాళ్లు. నవ్వుతూ బాగున్నామని చెప్పే ముఖం వాళ్లకు అబద్ధంగా తోచి ఉంటుందని నా నమ్మకం. వాళ్లనే గోత్‌లు అన్నారు.

ఆ వేషానికి ప్రాణం మూల్యంగా చెల్లించిన అమ్మాయి ఒకామె ఉంది. సోఫీ లాంకాస్టర్. 2007 ఆగస్టు 11 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లోని బేకప్ అనే చిన్న ఊరి పార్కులో కొందరు కుర్రాళ్లు ఆమె స్నేహితుణ్ణి కొడుతుంటే, అతని తల ఒళ్లో పెట్టుకుని కాపాడబోయింది. వాళ్లు ఆమె మీద పడ్డారు. అతను బతికాడు, ఆమె ఆగస్టు 24న చనిపోయింది. వయసు 20. గొడవకు కారణమేమీ లేదు, ఇద్దరూ గోత్‌ల్లా ఉన్నారు, అంతే. తల్లి సిల్వియా కూతురి పేరుతో సంస్థ పెట్టి బడులు తిరిగారు. 2013లో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు, ఇలా వేషం చూసి చేసే దాడులను విద్వేష నేరాలుగా నమోదు చెయ్యడం మొదలుపెట్టారు. డ్రాక్యులా నవలలో ఓడ వచ్చి ఆగే విట్బీ రేవులో గోత్‌ల పండగ జరుగుతుంది. అక్కడ సోఫీ పేరున ఒక బెంచీ ఉంది. ముఖానికి పూసుకున్న రంగు ఎవరికీ ఏ హానీ చెయ్యదు. దాన్ని చూసి చెయ్యెత్తినవాణ్ణి వదిలేసి, ‘ఆ పిల్ల అలా తయారు కాకపోతే సరిపోయేది కదా’ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

మా ఇంట్లో కొట్టేవాళ్లు లేరు. కానీ ఒక పెళ్లిలో మా పెద్దమ్మ దగ్గరికి పిలిచి, “ఏమే, శుభమా అని పెళ్లికొచ్చి ఆ నల్ల మూతేంటి?” అంది. నేను ఆమె కళ్లు చూపించాను. అంచు దాటేదాకా కాటుక. “కాటుక వేరు” అంది. నేను ఒప్పుకోలేదు. కాటుక ఎలా పడతారో నాకు నేర్పింది ఆవిడే. ఆముదం పోసి వత్తి వెలిగించి, పైన రాగి పళ్లెం బోర్లించి, పట్టిన మసిని గీరి నెయ్యితో రంగరించడం. లిప్‌స్టిక్‌లో మైనాలతో పాటు ఉండే ముఖ్యమైన నూనె ఆ ఆముదమే; మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట చేలల్లో వర్షం మీద ఆధారపడి ఒకప్పుడు విరివిగా పండిన ఆముదం. నలుపుకు ఐరన్ ఆక్సైడ్ బదులు కొన్నిటిలో కార్బన్ బ్లాక్ కలుపుతారు. అదీ శుద్ధిచేసిన మసే. ఒకే నూనె, ఒకే నలుపు. కంటికి పెడితే శుభం, దిష్టిచుక్కగా బుగ్గన పెడితే రక్ష. నాలుగు వేళ్లు కిందికి దిగేసరికి అపశకునం ఎలా అయింది? పెద్దమ్మ జవాబు చెప్పలేదు గానీ, ఫొటోల్లో నన్ను పక్కనే నిలబెట్టుకుంది.

వేసుకోవడం మాత్రం కష్టమైన పనే, దాచిపెట్టి లాభం లేదు. ఎరుపు అంచు కాస్త వంకరపోయినా ఎవరూ పట్టించుకోరు. నలుపు వెంట్రుకవాసి పక్కకి జరిగితే ముఖమంతా జరిగినట్టుంటుంది. ఎండిన పెదవి మీద పగుళ్లన్నీ లెక్కపెట్టినట్టు కనిపిస్తాయి. అందుకే ముందు రాత్రే నెయ్యో, లిప్ బామో రాసుకుని పడుకోవాలి. పొద్దున తుడిచేసి, నల్ల పెన్సిల్‌తో అంచు కట్టి, లోపలంతా పెన్సిల్‌తోనే నింపి, ఆ పైన పలచగా రంగు వెయ్యాలి. టిష్యూతో అద్ది మళ్లీ ఒక పొర. ఒకేసారి మందంగా వేస్తే పళ్లకు అంటుకుంటుంది. మన చామనఛాయకు ఇది పాలిపోయిన చర్మం కంటే బాగా నప్పుతుందని నా అభిప్రాయం. తెల్లటి ముఖం మీద అది వేరుపడి అరుస్తుంది. మన ముఖం మీద కుదురుగా కూర్చుంటుంది, పళ్లు మరింత తెల్లగా మెరుస్తాయి. ముఖానికి తెల్ల పౌడరు మాత్రం దట్టించొద్దు. ఇక పులుసన్నం తినే ప్రోగ్రాం ఉంటే ఆ రోజు ఈ నలుపును వాయిదా వేసుకోండి. చింతపండు పులుసు, నూనె కలిస్తే ఏ మ్యాట్ లిప్‌స్టిక్కూ నిలవదు. తీసేటప్పుడు సబ్బుతో రుద్దితే నలుపు మూతి చుట్టూ పాకుతుంది. కొబ్బరినూనె రాసి కాసేపు వదిలేసి, మెత్తటి పాతగుడ్డతో లోపలివైపుకు తుడవండి.