అద్దె ఇంటికి చందా

గుడికి చందా ఇస్తాం, అన్నదానానికి ఇస్తాం. పేదలకు అద్దె ఇళ్లు కడతామని అడిగితే మాత్రం "అద్దె వసూలు చేస్తారుగా, ఇంక దానమేంటి?" అంటాం. అసలు కిటుకంతా ఆ అద్దెలోనే ఉంది.

1862లో జార్జ్ పీబాడీ అనే అమెరికన్ వ్యాపారి లండన్ పేదల ఇళ్ల కోసం 1,50,000 పౌండ్లు ఇచ్చాడు. తర్వాత పెంచుకుంటూ పోయి 5,00,000 చేశాడు. 1864లో ఆ నగరంలోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో మొదటి భవనం తెరిచారు. ఇళ్లు ఊరికే ఇవ్వలేదు, వారం వారం అద్దె కట్టాల్సిందే. ఆ అద్దెలో ఖర్చులు పోను మిగిలింది మళ్లీ కొత్త ఇళ్లకే. ఇవాళ ఆ డబ్బుతో పుట్టిన సంస్థ కింద లక్షకు పైగా ఇళ్లున్నాయి. (అన్నీ చందాలతో కట్టినవి కావు లెండి. సర్కారు గ్రాంట్లు, అప్పులు, వేరే సంస్థల విలీనాలు కూడా ఉన్నాయి.)

అయితే అప్పట్లోనే ఒక విమర్శ వచ్చింది: నికరంగా జీతమొచ్చే వాళ్లకే ఇళ్లు దక్కాయి, కూలి దొరికితేనే పొయ్యి వెలిగేవాళ్లు బయటే ఉండిపోయారు అని. న్యాయమైన మాటే. మన ఊళ్లో ఎవరైనా ఇలాంటిది మొదలుపెడితే చందా ఇస్తాను గానీ, ముందు ఒకటి అడుగుతాను: పని దొరకని నెల అద్దె సంగతేంటి? దానికీ కొంత డబ్బు పక్కన పెట్టారా?