శ్రుతి కుదిరేదాకా

1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఓ పెద్ద కచేరీ జరిగింది. రవిశంకర్ సితారు, అలీ అక్బర్ ఖాన్ సరోదు, అల్లారఖా తబలా. కూచుని కాసేపు తీగలు సవరించుకున్నారో లేదో, హాలు హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది. శ్రుతి చేసుకోవడమే మీకింత నచ్చితే, అసలు వాయింపు ఇంకా బాగా నచ్చుతుందనుకుంటానని రవిశంకర్ అన్నారట.

పాపం, ఆ అమెరికా శ్రోతల్ని చూసి నవ్వుకోవడం సులువే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాళ్ళు కనీసం విన్నారు. మనం అదీ చేయం. విద్వాంసుడు వేదికమీద బిరడలు తిప్పుకుంటున్నంతసేపూ మనకు బోలెడు పనులుంటాయి. ఫాను కింద కుర్చీ వెతుక్కోవాలి. వియ్యాలవారి యోగక్షేమాలు కనుక్కోవాలి. ఆ మూడో వరసలో పట్టుచీర ఎవరిదో తేల్చుకోవాలి. మన దృష్టిలో శ్రుతి చేయడమంటే వంట మొదలెట్టేముందు గిన్నెలు కడుక్కోవడం లాంటిది. ఎవరో చేస్తారు, ఎప్పుడో అయిపోతుంది, మనకు విస్తట్లో పడితే చాలు.

కానీ చిత్రమేమిటంటే, మన మాటల నిండా శ్రుతే. పిల్లల అల్లరి ఎక్కువైతే 'శ్రుతిమించి రాగాన పడింది' అంటాం. పెళ్ళిపందిట్లో షామియానా కూలితే మర్నాడు పేపర్లో 'వివాహ వేడుకలో అపశ్రుతి' అని వేస్తారు. శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు పెద్దలు. ఇంతగా వాడుకునే మాట కదా, దాని అర్థమేమిటని నలుగుర్ని అడిగి చూడండి. ముగ్గురు 'తీగ బిగించడం' అంటారు. నాలుగో ఆయన 'గట్టిగా బిగించడం' అంటాడు.

తిరకాసంతా ఇక్కడే ఉంది. శ్రుతి అంటే బిగింపు కాదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకుని కూచున్నాను.

పెందుర్తిలో మా ఆవిడ సాయంత్రంపూట నలుగురు పిల్లలకు వీణ చెబుతుంది. వీణ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసింది. ఒకే పనస మానులో దండీ, కుండా అన్నీ కలిపి తొలిచే ఏకాండి వీణ. మీద 24 మెట్లు, ఏడు తీగలు. వాయించేవి నాలుగు, పక్కన తాళానికి మూడు. సముద్రం మాకు కనబడదు గానీ, దాని గాలి మాత్రం చెప్పాపెట్టకుండా రోజూ వస్తుంది. పొద్దున్న కుదిర్చిన శ్రుతి సాయంత్రానికి నిలవదు. చలికాలం ఒకలాగ, వానాకాలం ఒకలాగ. కాబట్టి పాఠం కన్నా ముందు రోజూ పదినిమిషాలు బిరడలతో సరి.

మొదట్లో నేనూ ఆ పదినిమిషాలు పేపరు చదువుకునేవాణ్ణి. తర్వాత తర్వాత అదే వినడం అలవాటైంది. ఒక తీగ మీటి, దాని పక్కన ఇంకోటి మీటుతుంది. రెండూ దగ్గరదగ్గరగా ఉండీ కలవకపోతే మధ్యలో ఒక వణుకు పుడుతుంది. 'వావ్... వావ్... వావ్' మని. ఒక తీగ సెకనుకు 240 సార్లు, రెండోది 243 సార్లు ఊగితే ఆ వణుకు సెకనుకు మూడుసార్లు వినిపిస్తుందని సైన్సు చెబుతుంది. బిరడ కాస్త తిప్పితే వణుకు నెమ్మదిస్తుంది. ఇంకాస్త తిప్పితే సాగుతుంది, సాగుతుంది, చటుక్కున మాయమవుతుంది. ఆ క్షణంలో రెండు తీగలున్నాయన్న సంగతే మరిచిపోతాం.

మరి తప్పిన తీగని ఎప్పుడూ బిగించాలా? లేదు. సగంసార్లు వదలాలి. పైగా వీణకి ఇంకో గుణముంది. ఒక తీగ బిగిస్తే ఆ లాగుడుకి కొయ్య వెంట్రుకవాసి వంగి, మిగతా తీగలు ఓ చిటికెడు కిందికి జారతాయి. అంచేత ఏడూ అయ్యాక మళ్ళీ మొదటికి వచ్చి చూడాలి. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవారికి ఈ సంగతి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. పెద్దకోడలిని ఒకమాట అని చూడండి, చిన్నకోడలి మొహం ఎలా మారుతుందో!

బిగింపుకి ఖరీదు కూడా ఎక్కువే. ఒక తీగ స్వరం సరిగ్గా పై స్థాయికి, అంటే రెట్టింపుకి, పోవాలంటే బిగువు రెట్టింపైతే చాలదు. నాలుగు రెట్లు కావాలి. సా నుంచి పా దాకా పోవడానికే రెండుంపావు రెట్లు. 'తెగేదాకా లాగకూడదు' అన్న మన సామెత వెనక ఇంత లెక్క ఉంది. ఫస్టు ర్యాంకు నుంచి స్టేటు ర్యాంకుకి పిల్లల్ని లాగే తల్లిదండ్రులు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది.

ఇప్పటి పిల్లలు ఫోను ముందు పెట్టుకుని శ్రుతి చేస్తున్నారు. తీగ మీటగానే ఫోనులో ముల్లు కదులుతుంది, సరిపోతే పచ్చరంగు వస్తుంది. మంచిదే, నేను వద్దనను. అయితే ఫోను ఒక్కొక్క తీగనీ విడిగా పిలిచి మార్కులేస్తుంది. పక్క తీగతో దాని కాపరం ఎలా ఉందో దానికి పట్టదు. పచ్చరంగు వచ్చాక కూడా మా ఆవిడ, "ఇప్పుడు ఫోను పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని రెండూ కలిపి మీటు" అంటుంది. అసలు పరీక్ష అక్కడ.

శ్రుతి ఒక వాద్యానికి ఊరూ పేరూ కూడా మార్చేయగలదు. ఫిడేలు మనది కాదు, సీమది. వాళ్ళు నాలుగు తీగల్నీ పంచమాల వరసలో కడతారు. బాలుస్వామి దీక్షితుల కాలం నుంచీ మనవాళ్ళు అదే పెట్టెని తెచ్చి సా-పా-సా-పా అని కట్టారు. నిలబడి వాయించేవాళ్ళల్లా కింద కూచుని, దాని తలని పాదంమీద ఆనించారు. కొయ్య అదే, కమాను అదే. శ్రుతి మారింది, భాష మారిపోయింది. మాకు రైల్లో గంట ప్రయాణమైనా లేని విజయనగరంలో 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. ఆ ఏడే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు పాఠం చెప్పడానికి చేరారు. చూపు మందమైన ఆ మనిషి చేతిలో పరాయి వాద్యం ఎంత సొంతమైందంటే, పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుని సభ మధ్యలో కూచోబెట్టి కచేరీలు చేశారు. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. పరాయిపిల్ల ఇంటికోడలు కావడానికి కొయ్య మార్చక్కర్లేదు, శ్రుతి కలిస్తే చాలునన్నమాట.

సంగీతం సంగతి అలా ఉంచి, ఓసారి మా పెందుర్తి రోడ్డుమీదికి రండి. అక్కడో సైకిలు షాపుంది. షాపంటే రేకు, పంపు, నీళ్ళ తొట్టి. చక్రం వంకర పోతే అతను బెండు తీస్తాడు. చక్రాన్ని గిర్రున తిప్పి, రిమ్ముకి ఆనీ ఆననట్టు సుద్దముక్క పట్టుకుంటాడు. ఎక్కడ గీత పడితే అక్కడ రోగం. మామూలు సైకిలుకి ముందు చక్రంలో 32 స్పోకులు, వెనక చక్రంలో 40. వాటిని వేళ్ళతో మీటుతూ పోతాడు, అచ్చం వీణలాగే. వదులు స్పోకు బొయ్యిమంటుంది, బిగువుది కణింగుమంటుంది. ఓ కాలేజీ కుర్రాడు తొందరపడి, "అన్నీ ఒక చుట్టు బిగించెయ్యండి, సరిపోతుంది" అన్నాడు. అతను తలెత్తకుండానే, "అన్నీ బిగిత్తే సక్రం సక్కనవదు బాబూ, ఇరిగిపోద్ది. ఇటేపు బిగిత్తే అటేపు వదలాల" అన్నాడు. సంగీత కళాశాలలో చెప్పే పాఠం ఇక్కడ పంచరుకిచ్చే డబ్బులకే దొరుకుతోంది.

అక్కణ్ణించి నాలుగడుగులేస్తే రైలుపట్టాలు. బైలడిల్లా ఇనపరాయి వేసుకుని కొత్తవలస మీదుగా విశాఖ రేవుకి పోయే గూడ్సులు మా ఇళ్ళ కిటికీలను వాయించుకుంటూ పోతాయి. వెనకటికి పట్టాల మధ్య సందులుండేవి, బండి 'టకటక టకటక' మనేది. ఇప్పుడు పొడుగు పొడుగున వెల్డింగు చేసేస్తున్నారు. ఇనుము వేడికి సాగుతుంది గదా, ఓ కిలోమీటరు పట్టాకి పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 11 సెంటీమీటర్లు సాగాలి. సాగే చోటు లేదు, రెండు పక్కలా బిగించేశారు. మరేమవుతుంది? ఎండాకాలం పట్టాలో నెట్టుడు, చలికాలం లాగుడు. ఎండలో కొలతచూసి బిగిస్తే చలిలో పుటుక్కున తెగొచ్చు. చలిలో బిగిస్తే ఎండకి పాములా మెలికలు తిరగొచ్చు. అందుకని పట్టాని ముందు బంధాలన్నీ విప్పి, దాని మానాన దాన్ని ఊపిరి తీసుకోనిచ్చి, మధ్యస్థమైన వేడి దగ్గర లెక్క చూసి బిగిస్తారు. దీనికి రైల్వేవాళ్ళు పెట్టుకున్న పేరు డీస్ట్రెస్సింగ్. బిగించేముందు విప్పడం. రైల్లో కూచుని పల్లీలు తినే మనకోసం కింద ఎవరో వీణ శ్రుతి చేశారన్నమాట.

ఈ పట్టాల మీదే జీవితం గడిపిన పెద్దాయన ఒకాయన మా వీధిలో ఉన్నారు. రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరయ్యారు. భుజాన సుత్తి, చేతిలో జెండాలు, రోజూ మైళ్ళకొద్దీ నడక. సుత్తితో తట్టి, మోతనిబట్టి ఏది గట్టిగా ఉందో, ఏది వదులైందో చెప్పగలిగిన చెవులవి. ఆ చెవులే ఇప్పుడు వయసుకి మెల్లగా సెలవు తీసుకున్నాయి.

చెవుడుకి ఓ దుర్గుణముంది. అది ఒకరికి వస్తే ఇల్లంతా గొంతు పెంచుతుంది. కొడుకు అరుస్తాడు, కోడలు అరుస్తుంది, టీవీ వీళ్ళందర్నీ మించి అరుస్తుంది. 'అన్నం తినండి' అన్న మాట కూడా వీధిచివరికి తగువులా వినిపిస్తుంది. పెద్దాయనకీ అలాగే అనిపించింది. పొద్దస్తమానం తనమీద అందరూ కోప్పడుతున్నారని నమ్మారు. ఏమడిగినా 'సరే' అనడం నేర్చారు. భోజనం పళ్ళెం అరుగుమీదికి తెప్పించుకుని, పట్టాలవేపు చూస్తూ తినడం మొదలెట్టారు. అదే ఇల్లు, అదే మనుషులు, ఒకరిమీద ఒకరికి ప్రేమ లేక కాదు. కానీ ఆర్నెల్లలో ఆయన ఆ ఇంట్లో అద్దెకున్న మనిషిలా అయిపోయారు.

వారి మనవరాలు మా ఆవిడ దగ్గర వీణ నేర్చుకుంటోంది. ఒక సాయంత్రం పాప వీణ తీగలు సవరిస్తుంటే ఆయన తీసుకెళ్ళడానికొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. పాపకేం తోచిందో, తాతని కూచోబెట్టి, ఆయన అరచెయ్యి తీసి వీణకుండ మీద పెట్టింది. రెండు తీగలు కలిపి మీటింది.

"కొట్టుకుంటంది" అన్నారాయన.

పాప బిరడ తిప్పింది. మళ్ళీ మీటింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఇంకా కొట్టుకుంటంది... నెమ్మదించింది... ఆగు, ఆగు. అద్గదీ. కుదురుకుంది." మా ఆవిడ చెవితో విన్నదీ, ఆయన అరచేత్తో చెప్పిందీ ఒక్కటే. బిరడ ఆ క్షణంలోనే ఆగింది. ఆయన మొహంలో నేను చూసింది ఉద్యోగంలో ఉన్నప్పటి మనిషిని.

పాప ఆయన చెవి దగ్గరికొంగి, నెమ్మదిగా, మామూలు గొంతుతోనే, "తాతా, ఇంటికెళ్దామా?" అంది. "పద" అన్నారు. అరవలేదు, అయినా వినపడింది!

ఇందులో మంత్రమేం లేదు. వయసుతో ముందు పోయేవి చెవికి పై స్వరాలు. స, త, క లాంటి హల్లుల పదునంతా ఆ పైనే ఉంటుంది. అచ్చులు కింద ఉంటాయి. అందుకే పెద్దవాళ్ళకి మనిషి గొంతు వినిపిస్తుంది గానీ మాట తెలియదు. అరిస్తే పెరిగేది అచ్చుల మోతే, మాట ఇంకా ముద్దైపోతుంది. ఎదురుగా కూచుని, మొహం కనబడేలా, నిదానంగా విడివిడిగా చెబితే చాలావరకు అందుతుంది. అంటే, అవతలి తీగ బిగించలేనప్పుడు మన తీగ కాస్త దింపుకోవాలన్నమాట.

తర్వాత ఆ పాపే, "నీ చెవులకీ శ్రుతి చేయిద్దాం తాతా" అని పట్టుబట్టి చెవుల పరీక్షకి తీసుకెళ్ళేలా చేసింది. చెవిమిషనూ కళ్ళజోడులా తగిలించుకొచ్చేది కాదు. ఏ స్వరం ఎంత తగ్గిందో గ్రాఫు గీసి, అక్కడక్కడే పెంచాలి. మళ్ళీ రమ్మని, మళ్ళీ సవరించాలి. ఆయన దాన్ని సగంరోజులు పెట్టుకుంటారు, సగంరోజులు బీరువాలో పెడతారు. అయినా రాత్రి భోజనం మాత్రం లోపల, అందరితో. మొన్న ఆ ఇంటిముందు నుంచి వస్తూ విన్నాను. టీవీ తగ్గింది. పెద్దాయన ఏదో చెబుతుంటే అందరూ నవ్వుతున్నారు.

బుద్ధుడి శిష్యుల్లో సోణుడనే ఆయన పూర్వాశ్రమంలో వీణ వాయించేవాడట. తపస్సు మితిమీరి చేసి పాదాలు నెత్తురోడుతుంటే, తీగలు మరీ బిగిస్తే నీ వీణ పలికేదా, మరీ వదిలితే పలికేదా అని బుద్ధుడడిగాడు. ఆ బౌద్ధులు మా ప్రాంతంలోనూ తిరిగారు. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండమీద రాతిలో తొలిచిన స్తూపాలు నేటికీ ఉన్నాయి. మధ్యస్థంగా ఉండమన్న ఆ మాట అందరికీ తెలిసిందే. నేను దానికి కలిపేది ఒక్కటే. మధ్య ఎక్కడుందో ఒకసారి కనిపెట్టేస్తే సరిపోదు. రాత్రికి గాలి మారుతుంది, కొయ్య మారుతుంది, మనుషుల చెవులూ మారతాయి. రేపు సాయంత్రం మళ్ళీ పదినిమిషాలు పడుతుంది. ఈసారి కచేరీకి వెళ్ళినప్పుడు ఆ పదినిమిషాలూ వియ్యాలవారిని పలకరించకుండా విని చూడండి. చప్పట్లు కొట్టాలనిపిస్తే, మొహమాటపడకండి.