పొయ్యెక్కని సాస్

"ఆగస్టులో వద్దత్తా, ఎండకు తట్టుకోలేవు, అక్టోబరులో రా" అన్నాడు నేపుల్స్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు. కానీ నేను వెళ్లాలనుకున్నది టమాటా కోతల కోసం. ఇంట్లో పిజ్జా చేసుకునే అలవాటు మాకు చాలా ఏళ్లుగా ఉంది. పిండి సంగతి పుస్తకాలు చదివి నేర్చుకోవచ్చు. సాస్ సంగతి మాత్రం ఆ కాయ పండేచోటే చూడాలనిపించింది. కోతలు ముమ్మరంగా సాగేది ఆగస్టులోనే కాబట్టి ఎండకు సిద్ధపడే దిగాను.

పాత నగరంలో వియా దేయి త్రిబునాలీ అని ఓ ఇరుకు వీధి ఉంది. అడుగడుక్కీ పిజ్జా కొట్లే. ఒకచోట కట్టెల పొయ్యి పక్కనే బల్ల వేసుకుని పిజ్జాలు చేస్తున్నారు. నేను తినే బల్ల వదిలేసి అక్కడే నిలబడ్డాను. పెద్ద స్టీలు గిన్నెలో ఎర్రటి గుజ్జు ఉంది. ఇది ఎంతసేపు ఉడికించారో అడగమన్నాను మావాడిని. ఆ చేసే ఆయన నవ్వి, డబ్బాలోంచి తోలు తీసిన టమాటాలు గిన్నెలోకి వంపి, చేత్తో పిసికి, ఉప్పు చల్లి చూపించాడు. అయిపోయింది. మారినారా పిజ్జా అయితే దానిమీద వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె. మార్గెరీటా అయితే మొజరెల్లా, బేజిల్ ఆకు, నూనె. మన అల్లం వెల్లుల్లి పోపు అలవాటున్న చేతికి ఇది వంటలా కూడా అనిపించదు.

అక్కడ ఇదంతా నియమం ప్రకారమే నడుస్తుంది. అసలైన నేపుల్స్ పిజ్జా ఎలా ఉండాలో చెప్పడానికి 1984లో ఒక సంఘం పుట్టింది. 2010లో యూరోపియన్ యూనియన్ ఆ తయారీ పద్ధతికి గుర్తింపునిచ్చింది. మార్గెరీటాకు 60 నుంచి 80 గ్రాముల టమాటా అని లెక్క కూడా రాశారు. 2017లో యునెస్కో ఈ పిజ్జా చేసేవాళ్ల విద్యను వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత హడావుడి ఉన్నా సాస్ మాత్రం పచ్చిదే. కారణం ఆ పొయ్యిలో ఉంది. లోపల వేడి 430 డిగ్రీలు దాటుతుంది. పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటికి వచ్చేస్తుంది. టమాటా ఉడికేది ఆ కాసేపే. పైనున్న నీరు చుర్రుమని ఎగిరిపోతుంది, పండు వాసన అలాగే నిలుస్తుంది. ముందే ఉడికించి పెడితే ఆ మంటకు ముద్దగా మారిపోతుంది.

మర్నాడు పొద్దున్నే టమాటా తోటలు చూడ్డానికి సార్నో వెళ్లే రైలెక్కాం. వెసూవియస్‌ను ఒక పక్క నుంచి చుట్టుకుంటూ పోతుంది ఆ దారి. క్రీ.శ. 79లో ఈ కొండ పేలి పాంపేయిని పూడ్చేసినప్పుడు అక్కడివాళ్లు టమాటాను కలలో కూడా చూసి ఉండరు. అది అమెరికా ఖండం నుంచి స్పెయిన్ వాళ్ల చేతుల మీదుగా యూరప్ చేరింది 16వ శతాబ్దంలో. నేపుల్స్ స్పెయిన్ ఏలుబడిలో ఉన్న 1690లలో ఆంతోనియో లాతీనీ అనే వంటల పెద్ద తన పుస్తకంలో టమాటా సాస్ రాశాడు. పండిన కాయలు నిప్పుల మీద కాల్చి, తోలు తీసి, కత్తితో సన్నగా తరిగి, ఉల్లిపాయ, మిరప, ఉప్పు, నూనె, వెనిగర్ కలపమన్నాడు. వెనిగర్ బదులు చింతపండు వేస్తే మన కాల్చిన టమాటా పచ్చడే! పిజ్జా మీదికి టమాటా ఎక్కడానికి ఆ తరవాత ఇంకా చాలా కాలం పట్టింది.

సార్నో లోయలో నేల నల్లగా, చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలుతుంది. అగ్నిపర్వతం బూడిద అది. పంటకు వరమైన ఆ బూడిదే 1998 మే 5న వానకు నాని కొండలమీంచి బురదై జారి, ఈ చుట్టుపక్కల ఊళ్లలో 150 మందికి పైగా ప్రాణాలు తీసింది. మాకు తోట చూపించిన రైతు ఆ సంగతి చెబుతూనే మమ్మల్ని పందిళ్ల మధ్యకు తీసుకెళ్లాడు. ఊతకర్రలకు తాళ్లు కట్టి, వాటి మీదికి పాకించిన మొక్కలు మనిషెత్తు దాటి ఉన్నాయి. సాన్ మార్జానో రకం కాయ పొడుగ్గా, కొస సన్నగా ఉంటుంది. అన్నీ ఒక్కసారిగా పండవు కాబట్టి పండినవాటిని ఏరుతూ పలుమార్లు చేత్తోనే కోస్తారు. ఒక కాయను నిలువునా చీల్చి చూపించాడు. రెండే గదులు, కాసిని గింజలు, మిగతాదంతా కండ. సాస్‌కు ఈ కాయకున్న పేరంతా అక్కడే అర్థమైంది. ఇందులో నీళ్ల పాలు తక్కువ.

1970, 80లలో వైరస్ తెగుళ్లకు ఈ రకం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పాత విత్తనాలు వెతికి, మేలైన మొక్కలు ఎంచి మళ్లీ నిలబెట్టారు. 1996లో ఈ ప్రాంతపు పేరుతో యూరప్ రక్షణ ముద్ర వచ్చింది. ఆ ముద్ర ఉన్న డబ్బాలో కాయ తోలు తీసి నిండుగానో, చీలికలుగానో ఉంటుంది తప్ప గుజ్జుగా ఉండదు.

మేం దిగిన ఇంట్లో ఆ రోజు సీసాల పండగ. ఏడాదికి సరిపడా టమాటా పట్టుకునే రోజు. పెరట్లో కుటుంబమంతా చేరారు. కడిగిన కాయలను వేడినీళ్లలో కాసేపు ఉంచి, బుట్టల్లో నీరు ఓడ్చి, చేత్తో తిప్పే మరలో వేస్తే తొక్కా గింజా ఒక పక్క, చిక్కటి గుజ్జు ఇంకో పక్క వచ్చాయి. ఒక్కో సీసాలో ఒక్కో బేజిల్ ఆకు వేసి, గుజ్జు నింపి, మూతలు బిగించారు. ఒకదానికొకటి తగిలి పగలకుండా పాత గుడ్డలు చుట్టి, ఇనప పీపాలో పేర్చి, మంట పెట్టి మరిగించారు. ఆ నీళ్లలోనే రాత్రంతా చల్లారాలి.

రాత్రికి పిజ్జా అన్నారు. పొద్దుట్నుంచి పట్టిన గుజ్జే వాడతారనుకుంటే, ఇంటి పెద్దావిడ నిండు కాయలున్న సీసా తీసింది. "అత్తా, ఆ గుజ్జు పాస్తాకట. పిజ్జాకు కాయే కావాలంటున్నారు" అన్నాడు మావాడు. జల్లెడలో కాయలు వేసి, వేళ్లతో చీల్చి, రసం కారనిచ్చింది. తరవాత పిసికి ఉప్పు, కాస్త నూనె, తుంచిన బేజిల్ కలిపింది. మిక్సీ ఎందుకు వాడరని అడిగాను. గింజ నలిగితే చేదెక్కుతుందట, గాలి కలిసి ఎరుపు పాలిపోతుందట. మరి కొట్టులో ఆయన రసం వడకట్టలేదే అంటే, ఆవిడ తన ఓవెన్ తలుపు మీద చెయ్యి తట్టింది. "వాళ్ల పొయ్యి నీళ్లు తాగేస్తుంది. దీనికా దమ్ము లేదు. ఆ పని నువ్వే ముందు చెయ్యాలమ్మా."

నా ప్రయాణానికి దొరికిన ఫలం ఆ మాటే. ఇంటి ఓవెన్ మహా అయితే 250 డిగ్రీలు. పిజ్జా కాలడానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. అడుగు గట్టిపడేలోపు సాస్‌లో నీరు పిండిలోకి దిగిపోతుంది.

ఇప్పుడు హైదరాబాద్‌లో డబ్బా కోసం వెతకడం మానేశాను. మదనపల్లె నుంచి వచ్చే కాయల్లోనే పొడుగ్గా, గట్టిగా, బాగా పండినవి ఏరుతాను. అడుగున గాటు పెట్టి, మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, చన్నీళ్లలో వేస్తే తోలు ఊడొస్తుంది. గింజలు బొటనవేలితో తోసేసి, ఉప్పు చల్లి, జల్లెడలో అరగంట వదిలేస్తాను. ఉప్పే నీటిని లాగేస్తుంది. అప్పుడు పిసికి, మరీ పుల్లగా ఉంటే చిటికెడు పంచదార, ఒక చెంచా నూనె. జానెడు వెడల్పు పిజ్జాకు మూడు, నాలుగు చెంచాల గుజ్జు చాలు, పిండి అక్కడక్కడా కనబడుతుండాలి. కారిన రసం, తీసేసిన గింజలు పారబోయను. మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి పోపు పెడితే పిజ్జా వద్దనే మా అత్తగారికి ఆ రాత్రి చారన్నం తయారు.