బావా, గువ్వల తుపాకీ సంగతి

కోవిల్‌పట్టి కరిసల్ (నల్లరేగడి) చేలో గువ్వలు వాలుతున్నాయని, మాటులో కూర్చుని కాల్చడానికి ఏ సెమీ ఆటోమేటిక్ తుపాకీ మంచిదని అడిగావు, విరుదునగర్ బావా.

గ్యాస్‌తో నడిచేది భుజాన్ని తక్కువగా తంతుంది, కానీ లోపల మసి పేరుకుంటుంది. వెనక్కి తన్నే బలంతోనే నడిచే రకం శుభ్రంగా ఉంటుంది, దెబ్బ మాత్రం గట్టిది. ఖాళీ తూటాలు పక్కకు ఎగిరిపడతాయి, ఇరుకు మాటులో పక్కనున్నవాడికి ప్రమాదం. ఇంగ్లండులో పంట తినే అడవి పావురాలను ఇలాగే కాలుస్తారు. అక్కడ కూడా మామూలు షాట్‌గన్ సర్టిఫికెట్‌కు మ్యాగజైన్‌లో రెండు తూటాలే.

కానీ మనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది బావా. తుపాకీ లైసెన్సు వేటకు అనుమతి కాదు, చేను నీదైనా సరే. గువ్వ ప్రాణం తీయొద్దు. మంచె వెయ్యి, మెరిసే రిబ్బన్లు కట్టు, గింజ ముదిరే రోజుల్లో పొద్దున్నే డబ్బా కొట్టించు.