వెయ్యి వాట్ల పెట్టె

మా పెద్దన్నకు వనపర్తిలో ఒక అద్దె కారు ఉన్నది. ఇంట్లో మేమందరం ఆయనను భాయిజాన్ అంటాము. గద్వాల, నాగర్‌కర్నూలు ప్రయాణాలే ఆయనకు జీవనాధారం. పెళ్ళిళ్ళ కాలంలో పాటలు గట్టిగా వినిపించే కారుకే గిరాకీ ఉండటం గమనించి, రెండేళ్ళ క్రితం ఒక చౌక ఆంప్లిఫయర్ కొని వెనుక సీటు క్రింద బిగింపించుకున్నాడు. దానిమీద బంగారు రంగు అక్షరాలతో ‘1000 వాట్లు’ అని వ్రాసి ఉన్నది. భౌతికశాస్త్ర విద్యార్థినైన నాకు ఆ అంకెను చూడగానే సందేహం కలగవలసింది. కలగలేదు. తరగతిలో విన్నది తరగతిలోనే వదలివచ్చే అలవాటు నా ఒక్కడిదే కాదనుకుంటాను.

ఆ వేసవిలో ఒకనాడు మధ్యాహ్నం గద్వాల నుండి తిరిగివస్తున్నాము. బీచుపల్లి వంతెన దాటగానే పాట ఠక్కున ఆగిపోయినది. పెబ్బేరులో చాయ్ త్రాగి వచ్చేసరికి దానంతట అదే మళ్ళీ మ్రోగినది. ఏదో తీగ వదులైనదని భాయిజాన్ తేల్చివేశాడు. పెట్టె వేడెక్కి తన్ను తాను రక్షించుకొనుటకు ఆగిపోయినదని అప్పటికి మాకు తెలియదు.

కొద్దిరోజుల తరువాత మా ఊళ్ళోనే ఒక బరాత్. ఊరేగింపు నిలిచిన ప్రతిచోటా భాయిజాన్ ఇంజను ఆపి, పాటలను మాత్రం సాగనిచ్చాడు. మొత్తం రెండు గంటలు. అర్ధరాత్రి ఇల్లు చేరి పడుకున్నాడు. తెల్లవారితే చెల్లెలికి నాగర్‌కర్నూలులో ప్రవేశపరీక్ష. ఉదయం తాళంచెవి త్రిప్పితే టక్కుటక్కుమనే చప్పుడు తప్ప ఇంజను కదలలేదు. అబ్బా, నేను, వీధిలోని నలుగురు కలిసి మసీదు మలుపు దాకా త్రోశాము. లాభం లేకపోయినది. చివరకు పొరుగింటి చాచా తన మోటారు సైకిలుమీద చెల్లెలిని తీసుకొనిపోయాడు. గేటు మూయబోతుండగా లోపలికి వెళ్ళినదట. ఆ ఏడు ఆమెకు సీటు రాలేదు. దానికి కారణం బ్యాటరీయేనని నేను చెప్పలేను. భాయిజాన్ మాత్రం అదేనని నమ్మి, వారం రోజులు ఆమె ముఖం చూడలేకపోయాడు.

అప్పుడు నేను కాగితం, పెన్సిలు తీసుకొని ఆ పెట్టెముందు కూర్చున్నాను.

మిత్రులారా, పెట్టె ప్రక్కనున్న ఫ్యూజు 20 ఆంపియర్లది. ఇంజను నడిచేటప్పుడు కారులో ఉండేది సుమారు 14 వోల్టులు. రెంటినీ గుణిస్తే 280 వాట్లు. లోపలికి నిలకడగా పోయేదే అంత అయినప్పుడు వెయ్యి వాట్లు బయటికి ఎక్కడినుండి వస్తాయి? పైగా అది ‘ఏబీ’ తరగతి ఆంప్లిఫయర్. సిద్ధాంతరీత్యా దాని సామర్థ్యం 78.5 శాతం మించదు. వాస్తవంలో 60 శాతం దొరికితే గొప్ప. శబ్దం తగ్గించినప్పుడు ఇంకా తక్కువ. అనగా స్పీకర్లకు చేరేది 170 వాట్ల లోపే. మిగిలిన నూటపది వేడిగా మారి, పాలమూరు ఎండలో, సీటు క్రింద, తివాచీ మడతలలో చిక్కుకుంటుంది. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుర్దాయం ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికి దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. ట్రాన్సిస్టర్లను స్విచ్చులవలె పూర్తిగా తెరచి, పూర్తిగా మూసే ‘డి’ తరగతి ఆంప్లిఫయర్లు 80, 90 శాతం దాకా సామర్థ్యం చూపుతాయి. బ్యాటరీమీద బ్రతికేవారికి తగినవి అవే.

2003లో అమెరికాలో సీఈఏ-2006 అనే ప్రమాణం వచ్చినది: 14.4 వోల్టులు, 4 ఓముల భారం, 1 శాతానికి మించని వక్రీకరణ, వీటికి లోబడి కొలిచిన వాట్లే వాట్లు. మా పెట్టెమీద ఆ ముచ్చటే లేదు.

తీగల సంగతి ఇంకా అన్యాయం. బిగించినవాడు ఒక చదరపు మిల్లీమీటరు తీగను 5 మీటర్లు లాగాడు. అది స్వచ్ఛమైన రాగియే అనుకున్నా 20 ఆంపియర్లు ప్రవహిస్తే 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. 34 వాట్లు తీగను కాల్చుటకే ఖర్చు! బ్యాటరీ దగ్గర ఫ్యూజు కూడ లేదు. ఆ తీగ ఒరిసి కారు ఇనుమును తాకి ఉంటే ఏమయ్యేదో భాయిజాన్‌కు నేను చెప్పలేదు.

అసలు దొంగ నీలం తీగ. రేడియో ఆపగానే ఆంప్లిఫయర్ కూడ ఆగాలంటే దానిని రేడియోకు కలపాలి. మా మెకానిక్కు సులువుకోసం నేరుగా బ్యాటరీకి కలిపాడు. అందువలన పెట్టె ఎన్నడూ నిద్రపోలేదు. బరాత్‌లో గంటకు ఎనిమిది చొప్పున పదహారు, తెల్లవారేదాకా గంటకు ఒకటి చొప్పున మరొక ఆరు. మూడేళ్ళ పాత 35 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇక మిగిలినదెంత?

పెట్టెను పారవేయమని అబ్బా అన్నాడు. భాయిజాన్ పారవేయలేదు, కొన్న బాకీ ఇంకా తీరలేదు. నీలం తీగ మార్చాము, లావు తీగ వేశాము, బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు పెట్టాము, పెట్టెను గాలి తగిలేచోటికి జరిపాము. సగం శబ్దంతో నేటికీ మ్రోగుతున్నది. బరాత్‌వాళ్ళు కొందరు ఇంకా పెంచమంటారు. ఇంతేనని భాయిజాన్ అంటాడు. ఒకటి రెండు బేరాలు పోయినవి కూడ.

చెల్లెలు మరునాడు పరీక్ష ఉన్న ప్రతి రాత్రి వాకిట్లోకి వెళ్ళి, కారు అద్దానికి ముఖం ఆనించి, ఆ పెట్టెమీది ఎర్రదీపం ఆరినదో లేదో చూచి వస్తుంది.